గాలిపీత దాతలు

బహుళ షష్ఠి

గాలి: ఉంది. పోటు: తక్కువ. యంత్రం: ముస్తాబవుతోంది. వివరాలు:

రోజూ ఈ నాలుగు గళ్ళూ నింపాలని కమిటీ తీర్మానం. మొదటి మూడింటిలో ఒక్క మాట పట్టే చోటే ఇచ్చి, నాలుగోదానికి పేజీ అంతా వదిలేశారు. పెమ్మాడి పల్లాలమ్మ చేతికి పేజీ అంతా వదిలేస్తే ఏమవుతుందో ఆలోచించే మనిషి కమిటీలో ఒక్కరున్నా ఈ పొరపాటు జరిగేది కాదు.

పొద్దున్నే కోడి ఈకతో గాలిపీత కీళ్ళలో ఇసక దులిపి కొబ్బరినూనె రాశాను. బొమ్మ ఇటుకలకు ఇసకంటే గిట్టదు. బొడిపెకీ బొడిపెకీ మధ్య ఒక్క రేణువు దూరినా కాలు ఎత్తనని మొండికేస్తుంది. ఇనుమైతే ఈ ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా పొడి అయిపోతుంది. పిల్లల ఆటకని ఎక్కడో పోత పోసి, ఓడకెక్కించి, సరిగ్గా మా రేవు ముందు ముంచేసిన ఈ ఇటుకలు మాత్రం మా తాత కాలం నుంచి రంగు కూడా మారలేదు. మా తాత వాటితో మేడల బొమ్మలు కట్టి అల్మరాలో పెట్టుకున్నాడట. మా నాన్న ఓలేటి తాతారావు వాటికి కాళ్ళు కట్టాడు. పైన గాలిరెక్కలు, కింద పీతకాళ్ళు, వెనకాల బురద మీద జారే చెక్కబల్ల. రెక్కలు తిరిగితే ఇరుసు తిరుగుతుంది, ఇరుసు తిరిగితే కాళ్ళు లేస్తాయి. పొద్దుటి కొండగాలికి, గాజుపలకల కింద ఉప్పునీటిని ఎండకు కాచి మంచినీళ్ళు పట్టే దిబ్బకు వెళ్ళి, మధ్యాహ్నం సముద్రపు గాలికి మంచినీళ్ళ డబ్బాలు ఈడ్చుకుంటూ తిరిగొచ్చేది. డ్రైవరు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, కమిటీ అంతకన్నా అక్కర్లేదు. ఆ చివరి సంగతి జనానికి తెలిసిపోతుందన్న భయంతోనే కాబోలు, వెంటనే కమిటీ వేశారు.

నాన్న కట్టినది పోయిన వానల్లో కీళ్ళరిగి కూలబడింది. ఇప్పుడు ఊరందరి దగ్గరా ఇటుకలు పోగేసి ఇల్లంత గాలిపీతను కడుతున్నాం. ఇటుకలిచ్చిన ప్రతి దాత పేరూ దాని మీద ఇటుకలతోనే రాయాలని ప్రెసిడెంటు సంగాడి వీరభద్రంగారు మొదటి రోజే తీర్మానించారు. పూర్వం గుళ్ళలో ఫ్యాన్లుండేవట. రెక్కల మీద దాతల పేర్లు రాసేవారట. తిరిగితే పేరు కనబడదని దాతలు వచ్చినప్పుడల్లా ఫ్యాను ఆపేసేవారట, భక్తులు చెమటలు కక్కుకుంటూ పేర్లు చదివేవారట. అంతటి ఘనమైన సంప్రదాయాన్ని వదులుకోవడానికి మేమేమన్నా బుద్ధి లేనివాళ్ళమా.

ఇవాళ ప్రెసిడెంటుగారు స్వయంగా వచ్చి తన రెక్క చూసుకున్నారు.

"పల్లాలమ్మగారూ, నా పేరు కింద ప్రెసిడెంటు అని కూడా రావాలండి."

"రెక్క అయిపోయిందండి."

"పక్క రెక్క మీదకి పొడిగించెయ్యండి. తిరిగినప్పుడు రెండూ కలిసొత్తాయి."

పొడిగించాను. ఆ పక్కనే వాళ్ళమ్మగారి పేరు దులిపాను. ఆవిడ పోయినప్పుడే ఆయన ఒక ఆచారం పెట్టారు. ఊళ్ళో మనిషి పోతే గాలిపీతకు మైల. మైల ఉన్నన్నాళ్ళూ దాని మీద బతికున్నవాళ్ళ పేరు ఒక్కటి కూడా ఉండకూడదు. ఊరంతా పేర్లు ఊడబీక్కుని ఇళ్ళలో పెట్టుకున్నాం, ప్రెసిడెంటుగారి తల్లి కదా అని తియ్యకుండా ఉంచిన ఆవిడ పేరొక్కటే పదిరోజులూ వెలిగింది. అప్పటికి పోయినవాళ్ళ పేర్లు ఇంకా ఎక్కలేదు. పదకొండో రోజున ఎవరి పేర్లు వాళ్ళం మళ్ళీ పెట్టుకున్నాం, కాస్త పెద్దవి చేసి.

నేనేం తక్కువ తిన్నానని రాయబోవడం లేదు. మా నాన్న పేరు వెన్నుపట్టె మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పెట్టించాను. ముందు 'కీర్తిశేషులు' అని ఒక్క అక్షరం మింగకుండా రాయించాను. పొట్టిగా రాస్తే చాలదా అన్నవాళ్ళతో పోట్లాడాను కూడా.

బహుళ సప్తమి

గాలి: ఉంది. పోటు: తక్కువ. యంత్రం: ముస్తాబు తీరలేదు. వివరాలు:

దిబ్బ నుంచి మా ఆయన ఫోను చేశాడు. నీళ్ళు పట్టే వంతుకి వెళ్ళినవాడు, నాన్న కట్టిన పీత కూలబడ్డాక అక్కడే చిక్కుకుపోయాడు. ఈ ఫోను గాలిమర తిరిగినంతసేపే పలుకుతుంది కాబట్టి అసలు సంగతి ముందు చెప్పాలన్నది ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. మా ఆయన ధనరాజుకు తెలీదు.

"పల్లాలూ, కూరేం వండేవు?"

"వంకాయ. నీళ్ళు ఎన్ని డబ్బాలయ్యాయి?"

"చాలానే అయ్యాయి. తీసుకెళ్ళేవాడు లేక వరసగా పేర్చేను. అన్నట్టు, ఓ చిన్న సంగతి."

ఆయన చిన్న సంగతి అన్నాడంటే నాకు గుండె జారుతుంది. పెళ్ళినాడు, కాపురానికి ఇల్లు లేదన్నది కూడా ఆయనకి చిన్న సంగతే.

"గాజుపలకలు తుడుత్తా జారేను. కాలు ఇరిగినట్టుంది."

"ఇరిగిందా, ఇరిగినట్టుందా?"

"మోకాలి కింద ఇంకో మోకాలొచ్చింది."

ఆయనే అందుకున్నాడు.

"అది కాదు గానీ, దిబ్బ అంచులు పడిపోతన్నాయి. మొన్న పున్నం పోటుకి పొయ్యి దాకా వచ్చింది నీరు. అమాస పోటు ఇంకా పెద్దదంట కదా."

"ఎత్తు మీదకి ఎక్కి కూర్చో మావా."

"ఎక్కడానికేవుందే ఇక్కడ. ఉన్నవాటిల్లో ఎత్తయినది నేనే. ఆ ఎత్తు కూడా ఇప్పుడు పడుకునుంది."

గాలి తగ్గి ఫోను పోయింది. ఫోను రేవు గూటిలో పెట్టేశాను.

పడవ పంపరాదా అని ఈ రోజువారీ చిట్టా చదివే బయటి ఊరివాళ్ళెవరైనా అడగొచ్చు. దిబ్బకీ మాకూ మధ్య పాత ఊరు మునిగి ఉంది. అక్కడి పెద్దమనుషులు ప్రతి డాబా మీదా, ఎప్పటికైనా పై అంతస్తు వేద్దామని, స్తంభాల చువ్వలు నిలబెట్టి వదిలేశారు. అంతస్తులు వెయ్యలేదు. చువ్వలు మాత్రం పోటు నీళ్ళ కింద కాచుకుని ఉన్నాయి, ఉప్పు తినగా మిగిలినవి మరీ సూదులు. పడవ కడుపు చీలుస్తాయి. నీరు తీశాక నడుద్దామంటే నడుములోతు బురద. పోయినేడు బల్లల మీద పడుకుని పాక్కుంటూ వెళ్ళినవాళ్ళలో బల్లలే తిరిగొచ్చాయి. ఆ బురద మీద నడిచేది గాలిపీత ఒక్కటే. అది అమావాస్య లోపల వెళ్ళి మా ఆయన్ని తేవాలి. లేకపోతే తేవడానికి ఎవరూ ఉండరు.

బహుళ నవమి

గాలి: ఉంది. పోటు: పెరుగుతోంది. యంత్రం: ప్రారంభోత్సవం జరిగింది. వివరాలు:

ప్రారంభోత్సవం అన్నాను గానీ నడిచింది అనలేదు, గమనించగలరు.

బంతిపూల దండలు వేశారు. పసుపు రాశారు, అది కీళ్ళలోకి పోకుండా నేను గుడ్డ పట్టుకుని వెనకాలే తిరిగాను. కాలికింద నిమ్మకాయలు పెట్టారు. ప్రెసిడెంటుగారు రిబ్బను కత్తిరించి, "బయల్దేరమ్మా" అన్నారు. గాలిపీత రెక్కలు ఒకసారి మూలిగాయి. ముందుకాళ్ళు లేచినట్టే లేచి, మళ్ళీ వచ్చి నిమ్మకాయల మీద కూర్చున్నాయి. నిమ్మకాయలు చితికాయి. ఆ రోజుకి అది చేసిన పని అదే.

"గాలి చాల్లేదండి," అన్నారు ప్రెసిడెంటుగారు. ఆ మాట అంటూండగానే ఆయన భుజం మీద కండువా ఎగిరిపోయి బురదలో పడింది. కమిటీ సభ్యులు ఆకాశం వంక చూశారు.

"గాలి ఉందండి. పేర్లే ఎక్కువయ్యాయి," అన్నాను.

అందరూ నన్ను బూతు మాట్లాడినట్టు చూశారు. రెక్కల మీద పేర్లు, కాళ్ళ మీద పేర్లు, బల్ల కట్టే తాడు ముడి దగ్గర కూడా పేరు. మా పక్కింటి అచ్చాయమ్మ అయితే కొడుకులవీ కోడళ్ళవీ మనవలవీ అయ్యాక, 'పుట్టబోయే మనవడు' అని కూడా పెట్టించింది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది గాలిపీత. ఇప్పుడున్నది కాళ్ళున్న శిలాఫలకం.

"అయితే ఎవరిది తీద్దామంటావు?" అంది అచ్చాయమ్మ.

"అందరివీ."

"బతికున్నోళ్ళ పేర్లు తీత్తారా ఎక్కడన్నా?"

అదీ మా ఆచారమే. పెట్టిన పేరు మనిషి పోతేనే తియ్యాలి. మైలకి తీసింది లెక్కలోకి రాదు, అది మళ్ళీ పెడతాం. ఊరికే తీస్తే మాత్రం ఆ మనిషికి కాలం చెల్లిందని అర్థం. పోయినవాళ్ళ పేర్లన్నా తీద్దామంటే, పదకొండో రోజున వాటికి ముందు 'కీర్తిశేషులు' చేర్చి మళ్ళీ పెడతాం. కాబట్టి మా ఊళ్ళో చచ్చినవాళ్ళు బతికున్నవాళ్ళ కన్నా బరువు.

"ముందు మీది తియ్యండి ప్రెసిడెంటుగారూ, తరవాత అందరం తీత్తాం," అన్నారెవరో వెనకనుంచి. ప్రెసిడెంటుగారు ఆ గొంతు ఎవరిదో వెతకడంలో పడ్డారు. సమావేశం రేపటికి వాయిదా పడింది.

బహుళ దశమి

గాలి: బాగా ఉంది. పోటు: పెరుగుతోంది. యంత్రం: ఇంకా పెద్దదవుతోంది. వివరాలు:

సమావేశం జరిగింది. ధనరాజు కాలు విరిగినందుకు కమిటీ తీవ్రమైన విచారం ప్రకటించింది. ఆయన త్వరగా కోలుకోవాలని తీర్మానం చేసింది. ఆ తీర్మానం మునుగుతున్న దిబ్బ మీద ఆయనకి ఎంత ధైర్యాన్నిస్తుందో నేను ఊహించగలను.

తరవాత అసలు విషయం. బరువు లాగలేకపోతోంది కాబట్టి ఇంకో వరస రెక్కలు కట్టాలని నిర్ణయించారు. పోనీ ఏదో ఒకటి అనుకున్నాను. కొత్త రెక్కలకు ఇటుకలెవరిస్తారని అడిగారు. పదిమంది చేతులెత్తారు. ఇచ్చిన ఇటుకల్లో సగం రెక్కలకి పోయాయి, మిగతా సగం ఇచ్చినవాళ్ళ పేర్లకి.

"మా ఆయన అక్కడ చచ్చిపోతున్నాడండి," అన్నాను. ఇది ఎటకారానికి అన్న మాట కాదు.

"అయ్యో, అందుకే కదమ్మా ఇంతమందిమి కష్టపడతన్నాం," అన్నారు ప్రెసిడెంటుగారు. ఆ మాట ఆయన నిజంగానే అన్నారు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. చెడ్డవాళ్ళయితే తిట్టుకోవడానికి ఎంత సుఖంగా ఉండేది.

బహుళ ఏకాదశి

గాలి: బాగా ఉంది. పోటు: ఎక్కువ. యంత్రం: కాలు విరిగింది. వివరాలు:

మా ఆయనకి తోడుగా గాలిపీతకి కూడా ఒక కాలు విరిగింది. కొత్త రెక్కల బరువుకి. సాయంత్రానికి వేరే కాలు కట్టాను.

ఫోను పలికింది.

"నీరు పొయ్యి దాటింది పల్లాలూ. పొయ్యి కూడా వెళ్ళిపోయింది, నాకన్నా దానికే తొందరెక్కువ."

"రెక్కలు కడుతున్నారు మావా. రేపో ఎల్లుండో..."

"గాలిపీత మీద నా పేరుందంట కదా?"

ఉంది. దిబ్బ ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఇటుకలన్నీ ఆయన గోతాంలో వేసి పంపేవాడు. పసుపు రంగువి ఏరి ఎడమవైపు మూడో కాలి మీద నేనే రాయించాను. ఆయన అడగలేదు.

"నాది తీసెయ్. ఓ నాలుగు గుప్పిళ్ళ బరువన్నా తగ్గుద్ది."

"నోర్ముయ్."

"నేనే చెప్తన్నాను కదే."

"నువ్వు చెప్తే మాత్రం. ఏమనుకుంటారు ఊళ్ళో?"

అవతల మా ఆయన నవ్వాడు. ఇన్నాళ్ళూ ఊరిని ఎటకారం చేసిన నోటి నుంచి, ఏమనుకుంటారు ఊళ్ళో అన్న మాట వచ్చింది. నాకే సిగ్గేసింది.

ఫోను పెట్టి మూడో కాలి దగ్గరికి వెళ్ళాను. మొదటి అక్షరం మీద చెయ్యి వేశాను. వేలితో నొక్కితే ఊడొచ్చే ముక్క అది, చంటిపిల్లలు కూడా తియ్యగలరు. నా వల్ల కాలేదు. తీస్తే పోతాడేమోనని భయమేసింది. తియ్యకపోతే పోతాడని తెలిసి కూడా తీస్తే పోతాడేమోనని భయపడిన దాన్ని, కమిటీలో నాకు కూడా ఒక కుర్చీ వేస్తే సరిపోతుంది.

ఇంటికొచ్చి వంకాయ కూర వేడి చేసుకున్నాను. తినబుద్ధి కాలేదు. అప్పుడు తట్టింది. పేరు తీస్తే మనిషి పోయినట్టు. మనిషి పోతే మైల. మైలయితే...

బహుళ ద్వాదశి

గాలి: బాగా ఉంది. పోటు: ఎక్కువ. యంత్రం: మైల. వివరాలు:

పొద్దున్నే పదిమందీ రేవులో ఉండగా గాలిపీత దగ్గరికి వెళ్ళి, ఎడమవైపు మూడో కాలి మీద మా ఆయన పేరు మొత్తం పీకి ఒళ్ళో వేసుకున్నాను. అందరూ చూశారు. చూడాలనే చేశాను గానీ, ఒక్క ముక్క కూడా బురదలో పడనివ్వకుండా ఏరుకోవడం మాత్రం నాటకం కాదు.

"ఏం పని ఇది పల్లాలమ్మా," అంది అచ్చాయమ్మ.

"ధనరాజు పేరు తీశాను."

"అయ్యో, ఎప్పుడు పోయాడే?"

"ఇప్పుడే. మీరు చూస్తుండగానే."

అచ్చాయమ్మ నా మెడ పట్టుకుని భోరుమంది. నిన్న సాయంత్రం నేను ఫోనులో మా ఆయనతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని బియ్యం ఏరింది ఈవిడే. ఆయన బతికే ఉన్నాడు కదా అని ఒకరిద్దరు గొణిగారు. బతికుండొచ్చు గానీ పేరు తీసేశారు కదండీ అని మిగతావాళ్ళు వాళ్ళని కసిరారు. ప్రెసిడెంటుగారు వచ్చారు. జరిగింది విన్నారు. మూడో కాలి మీద ఖాళీ చూశారు.

"మైల," అన్నారు.

ఆయన పెట్టిన ఆచారమే, ఆయనెలా కాదంటారు. ముందుగా తన పేరే తీసుకున్నారు, పక్క రెక్క మీదకి పొడిగించిన దానితో సహా. తరవాత ఊరంతా. పోయినవాళ్ళకి మైల లేకపోయినా, ఒంటరిగా వదలడం ఇష్టం లేక వాళ్ళ పేర్లు కూడా ఎవరివి వాళ్ళు ఇళ్ళకి పట్టుకెళ్ళారు. అచ్చాయమ్మ కళ్ళొత్తుకుంటూ కొడుకుల్నీ కోడళ్ళనీ మనవల్నీ బుట్టలో వేసుకుంది. పుట్టబోయేవాడు మైలకి లెక్కా కాదా అని కాసేపు చర్చ జరిగింది. లెక్కే అని తేల్చారు. బతికున్న మనిషి కోసం ఒక్క ఇటుక తియ్యనివాళ్ళు, చచ్చిన మనిషి కోసం మధ్యాహ్నం లోపల గాలిపీతని ఒలిచిపెట్టారు.

ఆ హడావిడిలో ఫోను పలికింది. ప్రెసిడెంటుగారే ఎత్తారు.

"ఎవరూ, ధనరాజా. నువ్వు పోయినందుకు ఊరంతా చాలా బాధపడతన్నాంరా."

అవతల నుంచి మా ఆయన గొంతు వినబడింది.

"ఆయ్, చాలా థాంక్సండి. ఎలా పోయేనండి?"

"మీ ఆవిడ పేరు తీసేసింది."

"అలాగా అండి. మంచి పని చేసింది. పాడె ఎప్పుడు పంపుతున్నారు?"

నేను ఫోను లాక్కుని రేపు పొద్దుటి కొండగాలికి అని చెప్పాను. గాజుపలకల గట్టు మీద కూర్చున్నానన్నాడు. నీరు ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే, కూర ఏం వండావని అడిగాడు.

బహుళ త్రయోదశి

గాలి: ఉంది, పోయింది. పోటు: చాలా ఎక్కువ. యంత్రం: దిబ్బ వైపు. వివరాలు:

తెల్లవారకముందే వెళ్ళాను. ఒలిచిన గాలిపీత మీద ఒక్క పేరు మిగిలింది. కీర్తిశేషులు ఓలేటి తాతారావు. పోయినవాళ్ళకి మైల లేదు కాబట్టి దాన్ని ఎవరూ తియ్యమనలేదు. గాలి వచ్చింది, రెక్కలు తిరిగాయి, కాళ్ళు లేచాయి. నడిచింది కానీ ముక్కుతూ మూలుగుతూ. వెన్నుపట్టె మధ్యకి కుంగుతోంది. ఆ నడకకి పోటు లోపల దిబ్బ చేరదు. నాకది చూడగానే తెలిసింది, కాసేపు తెలియనట్టు నటించాను.

ఆ పేరు చదువుకోవడానికి నేను ఎన్నిసార్లు పని లేకపోయినా రేవుకొచ్చానో రాయడం అనవసరం. తీశాను. 'కీర్తిశేషులు' ముందు తీశాను, తరవాత నాన్నని. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఏడ్చాను. ఆ వెంటనే గాలిపీత వెన్ను పైకి లేచింది. బల్ల మీద చద్దన్నం మూట కట్టి తాడు వదిలాను. బురద మీద టకటకా వెళ్ళిపోయింది, ఒక్కసారి కూడా తూలలేదు.

మధ్యాహ్నం సముద్రపు గాలికి తిరిగి రావాలి. సముద్రపు గాలి రాలేదు. ఫోను కూడా పలకలేదు. సాయంత్రం పోటు వచ్చి బురదంతా నీరయింది. చీకటి పడేదాకా జనం రేవులోనే ఉన్నారు. చచ్చిపోయిన మనిషి కోసం ఎందుకు ఎదురు చూస్తున్నారని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

బహుళ చతుర్దశి

గాలి: రా నాయనా. పోటు: చాలా ఎక్కువ. యంత్రం: తెలీదు.

వివరాలు మధ్యాహ్నం దాకా ఏమీ లేవు. నీరు తీసింది. బురద బయటపడింది. గాలి లేదు. అచ్చాయమ్మ నాకు మజ్జిగ ఇచ్చింది, తాగాను. ప్రెసిడెంటుగారు రేవు మెట్ల మీద కండువా ఎత్తి పట్టుకుని కూర్చున్నారు, గాలి ఎటువైపు వస్తుందో చూడడానికి. చాలాసేపు ఆ కండువా చచ్చిన చేపలా వేలాడింది. తరవాత చివర కాస్త కదిలింది.

"వత్తంది," అన్నారాయన, చాలా మెల్లిగా.

ముందు రెక్కలు కనబడ్డాయి. ఏ పేరూ లేని రెక్కలు, ఎంత వేగంగా తిరుగుతున్నాయంటే రెక్కలనిపించలేదు. తరవాత కాళ్ళు. తరవాత బల్ల. బల్ల మీద గోనెపట్టా కప్పుకుని పడుకున్న మనిషి. కదలడం లేదు. బల్ల ఒడ్డుకి తగలగానే నేను మోకాలి లోతు బురదలోకి దిగి పట్టా తీశాను.

"మైలలో ఉండి ముట్టుకోవచ్చా?" అన్నాడు మా ఆయన.

చెంప మీద ఒక్కటి ఇచ్చాను. ఆ తరవాత ఏం చేశానో కమిటీకి అనవసరం.

రాత్రంతా గాజుపలకల గట్టు మీద, గాలిపీత కాలికి నడుం కట్టుకుని కూర్చున్నాడట. గట్టు చుట్టూ నీరు తిరిగింది గానీ పీత కదల్లేదట. మైల పట్టిందని ముట్టుకోకుండా ఉంటే నేను ఈపాటికి నిజంగానే మైల పెట్టేవాణ్ణి అన్నాడు. కట్లు కట్టడానికి మనుషులు వచ్చారు.

శుద్ధ సప్తమి

గాలి: బ్రహ్మాండం. పోటు: తక్కువ. యంత్రం: నిలిచి ఉంది. వివరాలు:

అమావాస్య పోటు దిబ్బని పూర్తిగా ముంచి వదిలింది. గాజుపలకలు కొన్ని మిగిలాయి.

ఇవాళ మా ఆయన పదకొండో రోజు. బతికొచ్చినవాడికి ఎందుకని అడిగాను. పదకొండో రోజు చెయ్యకపోతే మైల వదలదు, మైల వదలకపోతే పేర్లు పెట్టుకోవడం కుదరదు అన్నారు. గారెలు వేశాను. మా ఆయన కట్టుకట్టిన కాలు చాపుకుని, తన పదకొండో రోజు భోజనం తానే రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.

ఆయన పేరు మాత్రం మళ్ళీ పెట్టడానికి లేదట. పోయినవాడు తిరిగొస్తే ఏం చెయ్యాలో ఆచారంలో లేదు. 'కీర్తిశేషులు' అని చేర్చి పెట్టుకోండి, మేం కాదనం అన్నారు ప్రెసిడెంటుగారు, ఉదారంగా. మా ఆయన వద్దన్నాడు. ఇప్పుడు ఆయన్ని దిబ్బ వంతుకి పిలవరు, విరాళం అడగరు, సమావేశానికి రమ్మనరు.

"పోయాక ప్రాణానికి ఎంత హాయిగా ఉందో తెల్సా," అంటున్నాడు.

సాయంత్రానికి అందరి పేర్లూ ఎక్కాయి, మైలకి ముందు కన్నా కాస్త పెద్దవిగా. అచ్చాయమ్మకి మనవరాలు పుట్టింది, 'పుట్టబోయే మనవడు' తీసి ఆ పిల్ల పేరు పెట్టి, పక్కన ఇంకో 'పుట్టబోయే మనవడు' పెట్టించింది. గాలిపీత ఒకసారి మూలిగి కూర్చుంది. నడవమంటే ఎలా నడుస్తుంది. కానీ పేర్లు మాత్రం ఎంత దూరం నుంచైనా చదవొచ్చు.

మా నాన్న పేరు పెట్టమని నన్ను అడిగారు. ఇటుకలు ఇంట్లో ఉన్నాయి, చూస్తానన్నాను.

బహుళ చవితి

గాలి: ఉంది. పోటు: తక్కువ. యంత్రం, పెద్దది: నిలిచి ఉంది. యంత్రం, చిన్నది: దిబ్బ నుంచి వస్తోంది. వివరాలు:

దిబ్బ వంతు ఇప్పుడు ప్రెసిడెంటుగారి అల్లుడిది. పెద్దది వెళ్ళదు కాబట్టి నా చిన్నదాన్ని పంపుతారా అని ఆయన అడగడానికి వచ్చారు. పంపుతున్నానని చెప్పాను. కూర్చోమన్నాను. మంచినీళ్ళిచ్చాను. ఆయన వెళ్ళలేదు. గుమ్మంలో మా ఆయన కాలు ఊపుకుంటూ కూర్చున్నాడు. ప్రెసిడెంటుగారు ఆయన్ని చూడనట్టు చూశారు, పోయినవాణ్ణి పలకరించడం మర్యాదో కాదో తెలీక.

"చిన్నదాని మీద ఏ పేరూ లేదండి, బోసిగా ఉంది," అన్నారు చివరికి. "పూర్తి పేరు అక్కర్లేదు. ఓ మూలన, ఒక్క అక్షరం. బరువుండదు."

"ఆయ్, అలాగేనండి. మీరు పోయిన మర్నాడే పెడతాను."

మా ఆయనకి పొలమారింది. ప్రెసిడెంటుగారు కాసేపు ఆలోచించి, తప్పేమీ కనబడక, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

చిన్నదానికి ఇటుకలు ఎక్కడివని ఆయన అడగలేదు. కాళ్ళు ఎర్రవి, కీళ్ళు తెల్లవి, వెన్ను మీద రెండు నీలం ముక్కలు. కీర్తిశేషులు అన్నంత మేర కాళ్ళకి సరిపోయింది. ఓలేటి తాతారావు అన్నది రెక్కలకీ ఇరుసుకీ వచ్చింది. ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

ఇప్పుడే రేవులో నిలబడి చూశాను. సముద్రపు గాలికి నీళ్ళ డబ్బాలు ఈడ్చుకుంటూ వస్తోంది. మా నాన్న పేరు ఇక ఎవరూ చదవలేరు. వెనకాల బురద మీద దాని అడుగులు మాత్రం దిబ్బ దాకా ఉన్నాయి, పోటు వచ్చేదాకా ఉంటాయి.